ఫోనుకు ఒక్కపొద్దు

రాయచూరు తీన్ కందీల్ సందులో గాజుల కాత్యాయని తెలియని ఆడమనిషి లేదు. ఎవరైనా తెలియదన్నారంటే వాళ్లు ఊరికి కొత్తవాళ్లయినా అయ్యుండాలి, చేతికి సబ్బు రాసుకుని తమ గాజులు తామే ఎక్కించుకునే రకమైనా అయ్యుండాలి. ఆ రెండో రకమంటే కాత్యాయనికి ఒళ్లుమంట. "సబ్బు వెట్టి ఎక్కించుకునేది గాజు కాదమ్మా, బేడీ" అనేది మొహం మీదే.

ఆమె పుట్టింది కవితాళలో. పద్దెనిమిదేళ్లకు రామదాసును కట్టుకుని రాయచూరు వచ్చింది. అత్త భీమమ్మ ఆరు నెలలపాటు కోడలిని గాజు ముట్టనివ్వలేదు. దుకాణానికి వచ్చిన ఆడవాళ్ల చేతులు పట్టుకుని ఒత్తడమే పని. బొటనవేలు అరచేతిలోకి మడవాలి. వేళ్ల మొదళ్లలో ఎముకలు ఒకదాని కిందికి ఒకటి సర్దుకునేదాకా మెల్లగా పిసకాలి. అవి సర్దుకున్నాయని మన వేళ్లకే తెలియాలి, అప్పుడు గాజు నెట్టాలి. తొందరపడితే చేయి నొస్తుంది, ఏమరితే గాజు చిట్లుతుంది. ఏడో నెలలో భీమమ్మ తన చేతినే ముందుకు చాపి, "ఇగ ఎయ్యి" అంది. పన్నెండు గాజులు వేసేసరికి కోడలి జాకెట్టు చెమటతో తడిసిపోయింది, కానీ ఒక్కటీ చిట్లలేదు.

తర్వాత ముప్పై ఏళ్లు అదే పని. మొహం మరిచిపోయినా చేయి మరిచిపోయేది కాదు. మస్కి నుంచి ఐదేళ్లకోసారి వచ్చే మనిషైనా సరే, చేయి పట్టుకోగానే "నీది రెండు ఆరు సైజు, ఎడమ చేతికి జర బిగువు" అని చెప్పేసేది. శక్తినగర్‌లో కరెంటు ప్లాంటు పొగగొట్టాలు లేచినప్పటి నుంచీ ఆ కాలనీకి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చేరారు కదా, వాళ్ల ఇళ్లలో సీమంతాలకు కూడా కాత్యాయనినే పిలిచేవాళ్లు. గాజుల పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి వెళ్లేది. అన్ని భాషల చేతులూ ఒత్తింది. గాజులు వేసుకున్నాక ఎంత పెద్దావిడైనా గాజులమ్మకు దండం పెట్టాలి, అది ఆనవాయితీ. తల్లి వయసు వాళ్లు వంగి దండం పెడుతుంటే కాత్యాయని మొదట్లో బిత్తరపోయేది. పోనుపోను అలవాటైంది. ఇంకాస్త పోయాక అది తనకు రావలసిందే అనిపించడం మొదలైంది. మనిషి అంతే కదా మరి.

ముప్పై ఏళ్లలో సీమంతం పీట మీద ఆమె చేతిలో గాజు చిట్లలేదు. దుకాణంలో చిట్లితే ఎవరూ పట్టించుకోరు, తీసి పారేసి ఇంకోటి వేస్తారు. సీమంతం అలా కాదు. కడుపుతో ఉన్న పిల్ల, చుట్టూ ముత్తయిదువలు, పచ్చగాజులు. అక్కడ గాజు చిట్లితే పది నోళ్లు పది రకాలుగా అంటాయి. "నా చేతుల అట్ల కాదు" అని కాత్యాయని గొప్పగా చెప్పుకునేది. చెప్పుకోవడంలో తప్పేమీ లేదు, అప్పటికి అది నిజమే.

కరోనా ఏడాది దుకాణం మూతపడితే, డిగ్రీ చదువుతున్న కూతురు హేమశ్రీ ఊరికే ఉండలేక తల్లికి ఒక ఫోను కొనిపించి అందులో దుకాణం పేరుతో పేజీ తెరిచింది. కాత్యాయని దారానికి గుచ్చిన పచ్చగాజుల మలారాన్ని చెవి దగ్గర ఆడించి చూపిస్తున్న వీడియో పెట్టింది. పదకొండు వేలమంది చూశారు! రాయచూరు దాటితే ఎవరికీ తెలియని మనిషిని పదకొండు వేలమంది చూశారంటే ఎవరికైనా తల తిరుగుతుంది. కాత్యాయనికి గిర్రున తిరిగింది.

పేజీ చూసుకోవడానికని తెరిచేది. తన వీడియోకు ఎన్ని గుండె బొమ్మలు వచ్చాయో చూసేది. అది అర నిమిషం పని. ఆ తర్వాత వేలు దానంతట అదే పైకి తోసేది. ఎక్కడో ఎవరో గిన్నెలు తోముతుంటారు, అది చూసేది. ఒకాయన పుచ్చకాయను గులాబీ పువ్వులా కోస్తాడు, అది చూసేది. ఒక ఆవు తలుపు గడియ తీస్తుంది, దాన్ని రెండుసార్లు చూసేది. ఒక అత్తాకోడళ్ల తగాదా మూడు ముక్కలుగా వచ్చింది. మూడో ముక్క దొరక్క కాత్యాయని ఒక పూటంతా వెతికింది, వంకాయ కూర మాడిపోయింది. ఆ అత్త ఎవరు, కోడలు ఎవరు? ఈమెకేమీ కారు. ఆ గొడవ ఎట్లా తేలిందో తెలియకపోతే మాత్రం ఈమెకు ముద్ద దిగలేదు.

"ఏందే, దుకాణంల కూసున్నవా, ఫోనుల కూసున్నవా?" అనేవాడు రామదాసు.

"పేజీ చూసుకోవాలె కద. బేరానికే."

మొదట్లో ఆ మాట కొంత నిజం. ఏడాది తిరిగేసరికి పూర్తి అబద్ధం. బేరానికి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి "అమ్మా, అమ్మా" అని మూడుసార్లు పిలిస్తే గానీ తల ఎత్తేది కాదు. అన్నిటికంటే సిగ్గుమాలిన సంగతి ఇంకోటుంది. ఒక చేత్తో గాజు నెడుతూ రెండో చేతి బొటనవేలితో ఒళ్లో ఉన్న ఫోనును తోసే నేర్పు సంపాదించింది. ముప్పై ఏళ్ల విద్యను సగానికి కోసి సగం అటు పడేసింది. అయినా గాజులు ఎక్కుతూనే ఉన్నాయి. చేతులకు ఉన్న అలవాటు అలాంటిది. అందుకే తప్పని తోచలేదు.

ఒకరోజు హేమశ్రీ ఫోనులో ఎక్కడో నొక్కి చూపించింది. రోజుకు నాలుగు గంటల యాభై నిమిషాలు.

"ఫోను అబద్ధం చెప్తది" అంది కాత్యాయని.

"ఫోనెందుకు చెప్తదమ్మా అబద్ధం? దానికేం పని?"

ఇద్దరిలో ఒకరు చెబుతున్నారన్నది ఖాయం కదా. కాత్యాయని మూతి ముడుచుకుని లేచిపోయింది.

ఆ మాఘమాసంలో చంద్రబండ నుంచి యంకవ్వ కబురు పంపింది. కోడలు రక్షితకు ఏడో నెల, సీమంతం పెట్టుకున్నారు. యంకవ్వ భీమమ్మ కాలం నుంచీ ఆ దుకాణం మనిషి. పత్తి చేలల్లో పని చేసి చేసి ఆమె చేతులు బండబారాయి. ఆ చేతులకు కాత్యాయని తప్ప ఇంకెవరూ గాజు ఎక్కించలేరు. కొడుకు దేవప్ప కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. పెళ్లయిన నాలుగేళ్లకు కడుపు పండిన కోడలు, అందుకని ఊళ్లో సగం మందిని పిలిచింది.

పీట మీద రక్షిత కూర్చుంది. ఇరవై మూడేళ్ల పిల్ల, మాట మెత్తన. నెలలు నిండుతుండటంతో చేతులకు కాస్త నీరు వచ్చింది, అలాంటి చేతిని మామూలు కంటే నిదానంగా ఒత్తాలి. కాత్యాయనికి ఆ సంగతి తెలియక కాదు. ఎదురుగా చాప మీద కూర్చుని ఎడమ చేతికి నాలుగు గాజులు చక్కగా వేసింది. ముత్తయిదువలు పాట అందుకున్నారు. ఐదో గాజు పట్టుకున్నప్పుడు ఒళ్లో, కొంగు మడతలో ఉన్న ఫోను వెలిగింది.

చూసింది. ఒక్కసారి చూసి వదిలేసిందా అంటే, లేదు. బొటనవేలు పైకి తోసింది. మళ్లీ తోసింది. రెండో చేయి తన మానాన తాను గాజును నెడుతూ ఉంది. ఎముక సర్దుకుందో లేదో ఆ చేతికి చెప్పేవాళ్లు లేరు.

టప్పున చప్పుడైంది. గాజు చిట్లింది. పెంకు ఒకటి రక్షిత మణికట్టు లోపలి వైపు గీసుకుపోయి, కొత్త చీర మీద రెండు నెత్తుటి చుక్కలు పడ్డాయి. పాట ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

అందరూ కాత్యాయని వైపు చూశారు. ఇంతమంది ఒకేసారి తన వైపు చూడటం ఆమెకు కొత్త కాదు, కానీ అంతకుముందెప్పుడూ ఇలా చూడలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"చేయి గుంజుకుంటివేందమ్మా! కుదురుగ పెట్టాలె కద!"

అనేసింది. రక్షిత ఒక్కసారి ఆమె కళ్లలోకి చూసి తల దించుకుంది. యంకవ్వ మొహం పాలిపోయింది. "ఏంది పిల్లా, గింత సేపు కుదురుగ కూసోలేవా?" అని కోడలిని కసిరింది. ఎవరో పసుపు తెచ్చి గాయానికి అద్దారు. కాత్యాయని ఫోనును కొంగులో ఇంకా లోపలికి తోసి, మిగిలిన గాజులు ఊపిరి బిగబట్టి వేసింది. అన్నీ సరిగ్గా ఎక్కాయి. చివర్లో రక్షిత వంగి దండం పెట్టింది. ఆ వెనకే యంకవ్వ కూడా పెట్టింది. "ఏమనుకోకు కాత్యాయనమ్మా, చిన్నపిల్ల, తెల్వదు" అంది. అరవై ఐదేళ్ల మనిషి తన ముందు వంగి, తన తప్పుకు ఆమె క్షమాపణ అడుగుతుంటే, కాత్యాయని "అయ్యో, అదేం లేదులే" అంది. ఇంతకన్నా తల కొట్టేసే మాట ఇంకోటి ఉంటుందా? ఆ పూట ఆ మాటే ఆమెకు దొరికింది.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. కానీ సిగ్గు లోపల పడి పీకుతోంది. భీమమ్మ నేర్పిన అలవాటుగా కాత్యాయని శనివారం శనివారం ఒక్కపొద్దు ఉండేది, పగలంతా ఏమీ తినక దీపం పెట్టాక ఒక్క పూట తినేది. ఆ శనివారం ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. తప్పు చేసింది కడుపు కాదు, కళ్లు. కడుపు మాడ్చి లాభమేముంది? ఇక నుంచి ఫోనుకే ఒక్కపొద్దు. పగలంతా ముట్టకూడదు. దీపం పెట్టాక ఒక్కసారి, భోజనం చేసినంత సేపు చూసి పెట్టేయాలి. శనివారమొక్కటే కాదు, అన్ని రోజులూ.

ఈ సంగతి విని రామదాసు పడీపడీ నవ్వాడు. హేమశ్రీ మాత్రం సంతోషపడి, రోజుకు అరగంట దాటితే హెచ్చరించేలా ఫోనులో ఏదో పెట్టిపోయింది.

మొదటి రోజు పగలు ఎట్లా గడిచిందో కాత్యాయనికే తెలియాలి. ఫోనును దుకాణంలో అటక మీద పాత గాజుల డబ్బాలో పెట్టింది. గంటకోసారి ఏదో పని ఉన్నట్టు నిచ్చెన వైపు చూసింది. దీపం పెట్టగానే, అగ్గిపుల్ల ఇంకా ఆరకముందే డబ్బా దింపింది. ఒక్కపొద్దు ఉన్నవాళ్లు కొందరు సాయంత్రం రెండు పూటలదీ ఒకేసారి లాగిస్తారు చూడండి, అట్లా రెండు గంటలు లాగించింది. అరగంటకు ఫోను హెచ్చరించింది. 'ఈ రోజుకు వదిలేయి' అనే మీట కూడా అందులోనే ఉంది. హెచ్చరికను పెట్టినవాడే తప్పించుకునే దారి కూడా పక్కనే పెట్టాడు. కాత్యాయని దాన్ని నొక్కింది.

రెండో వారానికి ఫలహారాలు మొదలయ్యాయి. ఉపవాసంలో పండు తినొచ్చు, పాలు తాగొచ్చు అని సడలింపులు ఉంటాయి కదా, ఈమె కూడా తనకు తాను రాసిచ్చుకుంది. తన ఫోను చూడకూడదు, మొగుడి ఫోను చూస్తే తప్పులేదు. పక్క దుకాణం వాళ్లు చూపిస్తుంటే పక్కనుంచి చూడటం అసలు చూడటమే కాదు. పేజీలో ఎవరైనా ధర అడిగారేమో అని చూడటం బేరం, అది లెక్కలోకి రాదు. ఇన్ని పోనూ, చూడటం సగానికి సగం తగ్గిన మాట నిజమే. మూడో వారం హేమశ్రీ లెక్క తీసి "రెండు గంటల పది నిమిషాలమ్మా! శభాష్" అంది. కాత్యాయనికి మనసు కుదుటపడింది. దేవుడి దగ్గర తన తప్పు సగం కొట్టేసినట్టే అనుకుంది. గాజులు వేసేటప్పుడు ఫోను దగ్గర పెట్టుకోవడం మాత్రం నిజంగానే మానేసింది. ఆ విషయంలో ఆమెను అనడానికేమీ లేదు.

నాలుగో శనివారం మధ్యాహ్నం యంకవ్వ దుకాణానికి వచ్చింది. మంచినీళ్లిస్తే వద్దంది.

"ఒక్కపొద్దున్న. కోడలు కూడ ఉన్నది. దానికి తోడుగ నేను కూడ ఉంటున్న."

"రక్షిత ఒక్కపొద్దా? కడుపుతోని?"

"ఏం చెయ్యాలె మరి! పీట మీద గాజు చిట్లిపాయె, నెత్తురు కండ్ల చూస్తిమి. దాని చేయి కుదురుగ ఉండకనే కద? బిడ్డకేమన్న అయితదేమో అని నాకు నిద్ర పడ్తలేదు. హనుమంతరాయునికి ఐదు శనివారాలు మొక్కుకున్న. పగలు పాలే తాగుతున్నది. నాలుగయినయ్, ఇంకొక్కటి. డాక్టరమ్మేమో రక్తం తక్కువున్నది, తిండి మాన్పించొద్దని తిడుతున్నది. మొక్కు నడుమల ఇడిస్తే ఇంకేమైతదో అని భయం. జర నువ్వే చెప్పు, ఎట్ల చెయ్యాలె?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. ముసలమ్మ నేరుగా అడిగింది కూడా. "నా కళ్లు ఫోనులో ఉన్నాయి" అని ఒక్క ముక్క అంటే అక్కడితో తీరిపోయేది. కాత్యాయని గొంతు దాకా వచ్చింది. దుకాణంలో ఇంకో ఇద్దరు బేరగాళ్లు ఉన్నారు, రామదాసు ఉన్నాడు. "ముప్పై ఏళ్లు చిట్లలే" అని గొప్పలు చెప్పుకున్న దుకాణం అదే.

"డాక్టరమ్మ మాట ఇను యంకవ్వా" అని మాత్రం అంది, పచ్చగాజుల వైపు చూస్తూ.

"ఇంట గని, ఇంకొక్కటే కద" అని యంకవ్వ లేచింది. పోతూ పోతూ ఎప్పటిలాగే దండం పెట్టింది.

కాత్యాయని ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుంటే దీపం వైపు చూడబుద్ధి కాలేదు. తాను నాలుగు వారాలుగా ఉన్నదేమిటి? మొగుడి ఫోను చూస్తూ, మీట నొక్కి తప్పించుకుంటూ, కూతురి చేత శభాష్ అనిపించుకుంటూ ఉన్నది. తన తప్పుకు అసలైన ఒక్కపొద్దు ఏడు నెలల కడుపుతో ఇంకో పిల్ల ఉంటోంది. ఆ పిల్ల తినని ప్రతి ముద్దా తానే నోటి దగ్గరి నుంచి లాక్కున్నట్టు అనిపించి, కాత్యాయనికి ఆ పూట అన్నం వెగటు పుట్టింది. కంచం పక్కకు నెట్టింది. కానీ తాను తినకపోతే ఆ పిల్లకు ఏమొరిగింది?

సోమవారం మధ్యాహ్నం దుకాణంలో బేరం లేదు, రామదాసు ఇంటికి పోయాడు. రక్షిత నంబరు పేజీలో ఉంది, సీమంతం గాజుల కోసం అప్పట్లో మెసేజీ పెట్టింది. ఆమెకు గొంతు రికార్డు చేసి పంపిద్దామనుకుంది కాత్యాయని. ఎదురుగా మొహం చూడక్కర్లేదు, ఎవరూ వినరు, పని అయిపోతుంది. ఒక్కపొద్దు నియమం పక్కనపెట్టి డబ్బా దింపింది. తప్పు ఒప్పుకోవడానికే కదా తెరుస్తున్నది అనుకుంది.

తెరవగానే పైన ఒక వీడియో ఉంది. ఎవరో పెళ్లికూతురు, చేతులనిండా గాజులు. ఆ గాజులు ఫిరోజాబాద్ సరుకేనా అని చూసింది. దాని కింద ఇంకోటి. దాని కింద ఒక పెద్దమనిషి కుండలు చేస్తున్నాడు.

"అమ్మా, రెండు నాలుగు సైజు ఉన్నదా?" అని ఎవరో అడిగితే తల ఎత్తింది. గోడ గడియారం చూసింది. గంటా పది నిమిషాలు అయింది. రక్షితకు ఏమీ పంపలేదు. అసలు ఫోను ఎందుకు తీసిందో ఆ క్షణంలో ఆమెకు గుర్తుకు రాలేదు. అడిగిన పిల్ల చేయి పట్టుకున్నాక గుర్తొచ్చింది.

వచ్చిన పిల్లకు గాజులు వేసి పంపించింది. తర్వాత కొట్టు వెనక బస్తాల మధ్య కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. గాజు చిట్లినప్పుడు అనుకోకుండా జరిగిందని సర్దిచెప్పుకోవచ్చు. అబద్ధం భయంలో నోరు జారింది అనుకోవచ్చు. ఇప్పుడేమనుకోవాలి? ఒక పిల్ల ఆకలి కంటే కుండలు చేసేవాడు ముఖ్యమైపోయాడు తనకు. తనంటే తనకే అసహ్యం వేసింది.

ఐదో శనివారం పొద్దున్నే మొగుడితో అంతా చెప్పింది. రామదాసు నవ్వలేదు. గల్లా పెట్టె మూసి ఆమె వైపు తిరిగాడు.

"అందరి ముంగట అన్నవ్ కద. ఫోన్ల చెప్తే కాదు. పో" అన్నాడు.

ఫోను ఇంట్లోనే పెట్టి చంద్రబండ బస్సెక్కింది. గాజుల పెట్టె కూడా తీసుకోలేదు. ఒళ్లో ఏమీ లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. దారి పొడుగునా పత్తి ఏరేసిన చేలు కనిపించాయి. ఈ దారిలో పదిసార్లు వచ్చి ఉంటుంది, ఈ మధ్య ఒక్కసారీ కిటికీలోంచి బయటికి చూడలేదు. ఏం చెప్పాలో వరసగా అనుకుంది. దిగేసరికి ఆ వరస మరిచిపోయింది.

యంకవ్వ వాకిట్లో కందులు చెరుగుతోంది. గోడ నీడలో మంచం మీద రక్షిత కూర్చుని ఉంది. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు కబుర్లు చెబుతున్నారు, వాళ్లు సీమంతానికి వచ్చినవాళ్లే. ఆ పిల్ల పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"ఏంది కాత్యాయనమ్మా, గింత ఎండల! రా, కూసో. చాయ్ పెడ్త" అని యంకవ్వ లేచింది.

"వద్దు యంకవ్వా. నేను చెప్పేది ఇనండి. అందరు ఇనండి." కూర్చోకుండానే అంది. "ఆ రోజు ఈ పిల్ల చేయి గుంజలే. కుదురుగనే పెట్టింది. నేను ఫోను చూస్తుంటి. ఒళ్లె పెట్టుకొని చూస్తుంటి. చేయి చూడలే. గాజు నా వల్ల చిట్లింది. అందరు నా దిక్కు చూస్తే భయమై పిల్ల మీద తోసిన. దాని తప్పు ఏం లేదు. దానికి అన్నం పెట్టు."

చెరుగుతున్న చేట యంకవ్వ చేతిలో ఆగిపోయింది.

"నాకు తెల్సు" అంది రక్షిత.

యంకవ్వ కోడలి వైపు తిరిగింది. "తెల్సా? తెల్సి ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె అత్తమ్మా? పీట మీద కూసోని, అంతమంది పెద్దోళ్లల్ల, గాజులమ్మ అబద్ధం ఆడుతున్నదని ఎట్ల అనాలె? ఎవరు నమ్ముతుండె?" పిల్ల గొంతులో కోపం లేదు. "ఆమెనే చెప్తది అనుకున్న. నువ్వు దుకాణానికి పోయినప్పుడు, ఇయ్యాల చెప్పి పంపిస్తదేమో అని చూసిన."

కాత్యాయని మొహం కప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. ఇంతకాలం ఎవరూ చూడలేదనుకున్న మొహాన్ని ఈ పిల్ల మొదటి రోజే చూసింది. చూసి, మంచి మనిషే, చెబుతుందిలే అని నాలుగు శనివారాలు ఆకలితో ఎదురుచూసింది.

యంకవ్వ చేట కింద పెట్టి దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకుంది కాత్యాయని. కొట్టినా బాగుండుననే అనుకుంది. ముసలమ్మ కొట్టలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"ఏం చూస్తుంటివే అప్పుడు? అంత అక్కరేంది?"

కాత్యాయని నోరు తెరిచింది. మూడు వందల ఊళ్ల చేతుల కొలతలు గుర్తున్న మనిషి. ఎంత వెతికినా లోపల ఏమీ దొరకలేదు. ఆవో, పుచ్చకాయో, ఎవరి తగాదానో. అప్పుడు రెండుసార్లు వేలితో తోసింది, అంతవరకే తెలుసు.

"గుర్తు లేదు యంకవ్వా" అంది.

పక్కింటి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యంకవ్వ లోపలికి పోయింది. కంచంలో రొట్టె, పప్పు, పెరుగు పెట్టుకుని తెచ్చింది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. మంచం మీద కోడలి పక్కన కూర్చుని, రొట్టె తుంచి పప్పులో అద్ది, నోటికి అందించబోయి, గాయం మానిన ఆ మణికట్టు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"నీ చేయి కుదురుగనే ఉండె బిడ్డా" అంది. "నేనే నిన్ను అడగకపోతి. తిను."

రక్షిత తినసాగింది. కాత్యాయనిని ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మని కూడా అనలేదు. ఆ పిల్ల కంచం ఖాళీ అయ్యేదాకా ఆమె ఎండలోనే నిలబడి ఉంది.